ఇష్బీలియా నారింజ చేదు

కడపలో మా అత్తరు దుకాణం పెద్దల చేతి నుంచి మా దంపతుల చేతికి వచ్చి పద్ధెనిమిదేళ్ళు. గాజు బీరువాలో నాలుగో వరుసన ఊద్, మజ్మువా, గులాబ్, ఖస్ సీసాల పక్కన పసుపుపచ్చ చీటీ అంటించిన సీసా ఒకటి అన్నేళ్ళుగా నిలబడి ఉంది. చీటీ మీద "నారింజ పూల అత్తరు – అస్లీ" అన్న అక్షరాలు మా చేతిరాతే. పెండ్లి రోజుల్లోనూ, రమజాన్ చివరి పది రోజుల్లోనూ అది బాగా పోయేది. ప్రతి నెలా మొదటి జుమాకు ఒక విశ్రాంత ఉపాధ్యాయులు వచ్చి అర తులా శీశీ నింపించుకొని, మెడ దగ్గర ఒక చుక్క రాసుకొని మస్జిదుకు వెళ్ళేవారు. మేము ఆయనను మాస్టర్ సాహెబ్ అని పిలుస్తాము. ఆయనకు వేరే సీసా చూపించవలసిన అవసరం ఎన్నడూ రాలేదు.

మా అమ్మాయి, అల్లుడు ఉద్యోగరీత్యా స్పెయిన్ దేశంలోని సెవిల్ నగరంలో ఉంటున్నారు. మన చరిత్ర గ్రంథాలలో ఇష్బీలియాగా కనిపించే నగరం అదే. షాబాన్ నెలలో పదిహేడు రోజులు వారి దగ్గర గడిపి రావడానికి వెళ్ళినప్పుడు మాకున్న కోరికలు రెండే. మనుమరాలిని ఎత్తుకోవడం ఒకటి, అందలూస్ మస్జిదుల ఆనవాళ్ళను కళ్ళారా చూడడం రెండోది. ఆ సీసా సంగతి మా తలపులో లేదు. దానిలోని అత్తరును మూడు చిన్న శీశీలలో నింపి కానుకలుగా మాత్రం తీసుకువెళ్ళాము.

ఫిబ్రవరి చివరి వారం అది. విమానాశ్రయం నుంచి ఇంటికి వెళ్ళే దారిలో మేము మొదట చూసినవి భవనాలు కావు, చెట్లు. వీధికి రెండు పక్కలా వరుసగా నారింజ చెట్లు. ముదురాకుపచ్చ ఆకుల నడుమ దీపాలు వెలిగించినట్లు పండ్లు. బస్సు ఆగే చోట, బడి గోడ పక్కన, బ్యాంకు ముందర, ఎక్కడ చూసినా అవే. కొన్ని రాలి కాలిబాట మీద దొర్లుతున్నాయి. ఎవరూ వంగి ఏరుకోవడం లేదు. చీనీ తోటల సీమ నుంచి వెళ్ళిన మాకు ఇది కొరుకుడు పడలేదు. మా వైపు బోరు ఎండి చీనీ చెట్లు నరికివేసిన రైతుల ముఖాలను చూసినవారం. ఇక్కడ పండు నేల పాలవుతుంటే అడిగేవారు లేరా?

"ఒకటి తిని చూడండి, మామా" అన్నాడు అల్లుడు నవ్వు దాచుకుంటూ.

ఇంటి ముందు చెట్టు నుంచి అందిన పండు కోసి, ఒలిచి, ఒక తొన నోట వేసుకున్నాము. ముందు పులుపు, నిమ్మకాయను మించిన పులుపు. దాని వెనుక నాలుక మొదట్లో నిలిచిపోయే చేదు. నీళ్ళు తాగినా అది కదలలేదు. కానీ తొక్క ఒలిచిన వేళ్ళను ముక్కు దగ్గరకు తెచ్చుకుంటే ఆ చేదుకు, ఆ వాసనకు సంబంధమే లేదు. చీనీ తొక్కకు గానీ, కమలా తొక్కకు గానీ లేని లోతు ఒకటి అందులో ఉంది. కొద్దిగా పూల వాసన, కొద్దిగా ఆకు పసరు, అడుగున ఏదో గంభీరత. ఆ సాయంత్రం వుజూ చేసుకున్న తరువాత కూడా వేళ్ళ మీద అది మిగిలే ఉంది.

ఆ పండు అక్కడికి ఎలా చేరిందన్నది దాని పేరులోనే ఉంది. సంస్కృతంలో నారంగం, ఫార్సీలో నారంగ్, అరబ్బీలో నారంజ్, స్పానిష్‌లో నరంహ. మన తెలుగు నారింజ ఈ వరుసలోనిదే. హిజ్రీ నాలుగో శతాబ్దపు చరిత్రకారుడు అల్ మస్ఊదీ దీని ప్రయాణాన్ని రాసిపెట్టాడు. హిజ్రీ 300 తరువాత నారింజ చెట్టును హింద్ నుంచి తెచ్చి మొదట ఒమాన్‌లో నాటారనీ, అక్కడి నుంచి బస్రా, ఇరాక్, షామ్ ప్రాంతాలకు పాకి ఇళ్ళ పెరళ్ళలో నిండిపోయిందనీ చెబుతూ ఆయన ఒక మాట చేర్చాడు: హింద్ గాలి, మట్టి, నీరు లేకపోవడం వల్ల పుట్టినచోట ఉన్న పరిమళం, రంగు దానికి ఇక్కడ లేవట! అమ్మాయి ఇంట్లో ఆ ముక్క చదివి మేము కొంచెం గర్వపడ్డాము. తరువాత మన పెరళ్ళలో ఇప్పుడు నారింజ చెట్లు ఎన్ని మిగిలాయో లెక్కపెట్టబోయి ఊరుకున్నాము. పులిహోరకు నారింజకాయ పిండే ఇళ్ళు మా ఎరుకలో రెండో మూడో.

తీపి నారింజ ఐరోపాకు వచ్చింది ఎన్నో శతాబ్దాల తరువాత. దాన్ని తెచ్చి వ్యాపింపజేసిన వారిలో పోర్చుగీసు నావికులు ముఖ్యులు కాబట్టి అరబ్బీలో తీపి పండుకు బుర్తుఖాల్ అని వారి దేశం పేరే స్థిరపడింది. మన సీమవారు అదే పండును చీనా పేరు మీద చీనీ అంటారు. ఒకే పండుకు ఒకరు పడమటి దేశం పేరు, ఒకరు తూర్పు దేశం పేరు పెట్టుకున్నారు. చేదుదానికి మాత్రం అన్నిచోట్లా హింద్ పేరే మిగిలింది.

మూడో రోజు ఉదయం పెద్ద చర్చికి వెళ్ళాము. టికెట్టు తీసుకొని లోపలికి వెళ్ళాలి. ఈ స్థలంలో 1172లో మువహ్హిదీ ఖలీఫా అబూ యాఖూబ్ యూసుఫ్ జామె మస్జిదు కట్టించడం మొదలుపెట్టారు. 1184లో పునాది వేసిన మీనారు ఆయన కుమారుడు యాఖూబ్ అల్ మన్సూర్ కాలంలో 1198లో పూర్తయింది. 1248లో నగరం కాస్తీల్ రాజు చేతికి పోయింది. కొంతకాలం మస్జిదు భవనమే చర్చిగా ఉండి, పదిహేనో శతాబ్దంలో దాన్ని పడగొట్టి ఇప్పటి కట్టడం లేపారు. మిగిలినవి మీనారు, ముంగిలి. మీనారు పైన పదహారో శతాబ్దంలో గంటల గోపురం కట్టారు. లోపల దాదాపు పైదాకా మెట్లు లేవు. ముఅజ్జిన్ గుర్రం మీద ఎక్కగలిగేంత వెడల్పున వాలుబాట మలుపులు తిరుగుతూ పైకి పోతుంది. మోకాళ్ళ నొప్పి వల్ల మాలో ఒకరు సగంలో ఆగిపోయాము, ఒకరు పైదాకా వెళ్ళి వచ్చాము.

ముంగిలిని వారు నారింజల ప్రాంగణం అంటారు. నమాజుకు ముందు జనం వుజూ చేసుకున్న చోటు. మధ్యన నీటి తొట్టి, నేల మీద ఇటుకలతో కట్టిన సన్నని కాలువలు. ఒక పాదు నుంచి మరో పాదుకు, ఒక వరుస నుంచి మరో వరుసకు నీరు వాటంతట అదే నడిచిపోయే ఏర్పాటు. స్పానిష్‌లో ఇలాంటి కాలువను ఇప్పటికీ అసేకియా అంటారు. అది అరబ్బీ సాఖియా. ఇప్పుడున్న చెట్లు ఆనాటివి కావు. అది తెలిసి కూడా చెట్టు నీడన నిలబడితే మనసు వినలేదు. ఉత్తరపు ద్వారానికి ఉన్న కంచు తొడుగు తలుపులు మాత్రం మువహ్హిదీల కాలంవే. వాటి మీద కూఫీ లిపిలో అరబ్బీ వాక్యాలు ఇప్పటికీ చదువుకోవచ్చు. సందర్శకులు ఆ తలుపుల కింద నిలబడి ఫొటోలు తీసుకుంటున్నారు. ఎవరూ పైకి చూడడం లేదు. మేము ఒక పక్కగా నిలబడి, అక్కడ సజ్దా చేసినవారందరి కోసం దుఆ చేసి వచ్చేశాము.

ఇదే నగరంలో, ఆ మీనారు లేస్తున్న కాలానికి దగ్గరలోనే, ఇబ్నుల్ అవ్వామ్ అనే పండితుడు సేద్యం గురించి 'కితాబుల్ ఫిలాహా' రాశాడు. నేలల రకాలు, ఎరువులు, అంట్లు కట్టడం, అయిదు వందలకు పైగా మొక్కల పెంపకం అందులో ఉన్నాయి. నిమ్మ, మాదీఫలం, నారింజ కూడా ఉన్నాయి. పెద్ద పెద్ద విజయాల కథలు మన పత్రికలలో తరచుగా వస్తుంటాయి గానీ, పాదు చేసి నీరు పెట్టినవారి గురించి ఎవరూ రాయరు. ఆ దేశపు మాటలలో మిగిలింది ఎక్కువగా వీరి పనే. చక్కెరను అసూకర్ అంటారు, మన ఉర్దూ షక్కర్‌కు చుట్టమే. బట్టీ పాత్ర అలంబికే, అది అల్ అంబీఖ్. నారింజ పువ్వు అసహార్, అది అజ్ జహ్ర్. ఈ మూడింటినీ ఒకచోట చేరిస్తే మేము ఆ తరువాతి వారమంతా చేసిన పని అవుతుంది.

ఆ పని పేరు మార్మలేడ్. మన మురబ్బాకు దగ్గరి బంధువు. రాలిన పండ్లను ఎవరూ తినకపోయినా అవి వృథా కావని నెమ్మదిగా తెలిసింది. నగరపాలక సిబ్బంది శీతకాలం చివర వాటిని కోయిస్తారు. కొన్నేళ్ళుగా కొంత భాగం రసాన్ని మురగబెట్టి, వచ్చిన వాయువుతో విద్యుత్తు తీసే ప్రయోగం కూడా నగర నీటి సరఫరా సంస్థ చేస్తోంది. సెవిల్ చేదు నారింజకు అసలు గిరాకీ మాత్రం చాలా కాలంగా ఇంగ్లండు, స్కాట్లండు దేశాలది. అక్కడ ఇది ఉదయపు రొట్టె మీద పూసుకునే పాకం. 1797లో స్కాట్లండులోని డండీ నగరంలో కీలర్ కుటుంబం దీన్ని వ్యాపారంగా మొదలుపెట్టింది. తుపానుకు రేవు చేరిన ఓడలోని పండ్లు చవకగా దొరికితే ఆ ఇంటావిడ కనిపెట్టిందని ఒక కథ చెబుతారు. కథ ముచ్చటైనదే, కానీ అంతకు ముందే ఇళ్ళలో ఇలాంటి పాకాలు వండుకొనేవారు. మార్మలేడ్ అన్న మాట కూడా నారింజది కాదు, పోర్చుగీసు భాషలో క్విన్స్ పండు పేరు నుంచి పుట్టింది.

మురబ్బా అన్న మాట మీద మా అమ్మాయి మాకు ఒక పాఠమే చెప్పింది. అరబ్బీలో దాని అర్థం "పెంచినది, సాకినది". పిల్లల పెంపకానికి మనం వాడే తర్బియత్ ఆ కుదురులోనిదే. ఇన్నేళ్ళు ఉసిరి మురబ్బా తింటూ ఈ సంగతి మాకు తెలియదు.

ఆదివారం వంటింట్లో దిగాము. కిలో పండ్లు, రెండు కిలోల చక్కెర, రెండున్నర లీటర్ల నీళ్ళు. పండ్లు కడిగి, రసం పిండి, తొక్కను అగ్గిపుల్లలంత సన్నగా తరగాలి. గింజలనూ, లోపలి తెల్లని పొరలనూ పారేయకూడదు. పాకం గట్టిపడేందుకు కావలసిన జిగురు వాటిలోనే ఉంటుంది కాబట్టి పలుచని గుడ్డలో మూటకట్టి నీళ్ళలోనే వేయాలి. రాత్రంతా నానబెట్టి, తెల్లవారి పొయ్యి మీద పెట్టాలి. తొక్క వేళ్ళ మధ్య నలిగేంత మెత్తబడ్డాకే చక్కెర వేయాలి. ముందు వేస్తే తొక్క బిరుసెక్కి ఎంత ఉడికించినా మెత్తబడదు.

ముక్కుతో బ్రతికేవారం కనుక మేము అక్కడ కుర్చీలు వేసుకొని వాసనలు చూస్తూ కూర్చున్నాము. మూడు ఘట్టాలు. తొక్క తరిగేటప్పుడు సన్నని తుంపరలా నూనె ఎగసింది. కంటికి మండేంత చురుకు, వెలుగు. ఇదంతా పది నిమిషాల ముచ్చట. తొక్క ఉడుకుతున్నప్పుడు ఆ వెలుగు ఆరిపోయి, ఆవిరిలో ఒక చేదు లేచింది. ఎండుటాకులు తడిసినట్లు, కషాయం కాగుతున్నట్లు. మనుమరాలు ముక్కు మూసుకొని బయటికి పరుగెత్తింది. మూడోది, చక్కెర కరిగి పెద్ద మంట మీద తెర్లడం మొదలైన తరువాత. తెల్లని నురుగు పొంగి, తగ్గి, రంగు బంగారు నుంచి రాగికి తిరుగుతున్న కొద్దీ అంతవరకూ విడివిడిగా ఉన్నవన్నీ ఒకటయ్యాయి. వేగిన చక్కెర తీపి, కింద తొక్క చేదు, అక్కడక్కడా మొదటి చురుకు. నూట నాలుగు, నూట అయిదు డిగ్రీల వేడి దగ్గర పాకం కుదురుతుంది. అమ్మాయి దగ్గర వేడి కొలిచే కడ్డీ ఉన్నా, మేము చల్లని పళ్ళెంలో బొట్టు వేసి వేలితో నెట్టి చూశాము. ముడత పడింది. దించేశాము.

ఆ మూడో వాసన తగలగానే మేమిద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాము. అది మాకు తెలిసిన వాసన. నాలుగో వరుస, పసుపు చీటీ.

ఇక్కడ పరిమళాల పని గురించి కొంత చెప్పాలి. చేదు నారింజ వంటి ఉదారమైన చెట్టు సుగంధ ద్రవ్యాల వ్యాపారంలో అరుదు. పండు తొక్కను వేడి తగలకుండా నలిపి పిండితే ఒక నూనె వస్తుంది. ఆకులను, లేత కొమ్మలను బట్టీ పెడితే పెటిగ్రేన్ అనే పసరు నూనె. ఒకప్పుడు చిన్న చిన్న పిందెల నుంచి తీసేవారు గనుక ఫ్రెంచిలో చిరుగింజలు అని దాని పేరు. ఇప్పుడు దాన్ని ఎక్కువగా తీసేది పరాగ్వే దేశంలో. పువ్వులను నీటి ఆవిరితో బట్టీ పెడితే నెరోలి. ఇటలీలోని నెరోలా సంస్థానపు రాణి ఒకరు పదిహేడో శతాబ్దంలో తన చేతితొడుగులకు ఈ నూనె పట్టించేదట, ఆ ఊరి పేరు నిలిచిపోయింది. పువ్వులనే ద్రావకాలతో తీస్తే మరింత చిక్కని, తేనె వంటి సారం. బట్టీలో నూనె తీయగా మిగిలిన నీరు కూడా పన్నీటిలా విలువైనదే. బట్టీ పట్టే విద్యను పుస్తకానికి ఎక్కించిన తొలివారిలో ఒకరు బగ్దాదు పండితుడు అల్ కిందీ. ఆయన పరిమళ గ్రంథంలో వందకు పైగా తయారీలు ఉన్నాయి.

చిత్రమేమిటంటే, చేదుకు వాసన లేదు. నాలుకను పట్టుకొని వదలని ఆ చేదు నారింజిన్ వంటి పదార్థాలది. దానికి శాస్త్రవేత్తలు పెట్టిన పేరు కూడా మన నారింజదే. అవి బరువైనవి, ఆవిరి కావు, ముక్కుదాకా రాలేవు. చక్కెరకూ వాసన లేదు. అంటే తీపి చేదులు కలిసిన మార్మలేడ్ పరిమళం అన్నది ఒక పోలిక మాత్రమే. ముక్కు వాసన చూస్తుంది, మనసు రుచిని గుర్తు తెచ్చుకుంటుంది. పరిమళం కూర్చేవారి నేర్పంతా ఆ జ్ఞాపకాన్ని తట్టిలేపడంలో ఉంది. చురుకుకు తొక్క నూనె, చేదు అనిపించడానికి ఆకు నూనె పసరు. ఉడికిన పండు అనిపించడానికి డమస్కెనోన్ అనే పదార్థం రవ్వంత. దీన్ని మొదట బల్గేరియా గులాబీ నూనెలో గుర్తించారు, పేరులో దిమిష్ఖ్ నగరం ఉంది. వేగిన చక్కెరకు మాల్టాల్, దానికంటే ఎన్నో రెట్లు ఘాటైన ఇథైల్ మాల్టాల్. ఈ రెండోది ప్రకృతిలో దొరకదు, ప్రయోగశాల బిడ్డ. 1992లో ప్యారిస్‌లో వచ్చిన ఏంజెల్ అనే పరిమళంలో దీన్ని ధారాళంగా వాడిన తరువాత మిఠాయి వాసనలు ప్రపంచమంతా పాకాయి.

మన అత్తర్ల వ్యాపారానికి ఇందులో ఒక అవసరం కూడా ఉంది. తొక్క నూనె నిలవదు. రాసుకున్న అరగంటకు ఎగిరిపోతుంది, సీసాలో గాలి తగిలితే టర్పెంటైన్ వాసన కొడుతుంది. పైగా పిండిన నూనెను ఒంటికి నేరుగా పూసుకొని ఎండలో తిరిగితే చర్మం కమిలి మచ్చలు పడతాయి. పాకపు తీపి, బంక వాసనలు అడుగున వేస్తే నారింజ అన్న భావన సాయంత్రం దాకా నిలబడుతుంది. ఆ కూర్పు తప్పు కాదు. నిజం చెప్పాలంటే చాలా అందమైనది. దానికి మేము పెట్టిన పేరే తప్పు.

అది తప్పని మాకు తెలియజెప్పినవారు అమ్మాయి పక్కింటి సోదరి. ట్యునీషియాలోని నాబుల్ ఊరివారు. 1609 తరువాత అందలూస్ ముస్లిములను దేశం నుంచి వెళ్ళగొట్టినప్పుడు వేలాది కుటుంబాలు ట్యునీషియా చేరి అక్కడ ఊళ్ళు కట్టుకొని, తోటలు వేసుకొన్నాయి. ఈనాడు నెరోలి కోసం ప్రపంచం చూసేది సెవిల్ వైపు కాదు, నాబుల్ వైపు, మొరాకో వైపు. మేము మార్మలేడ్ సీసా ఒకటి, దానితో పాటు మా అత్తరు శీశీ ఒకటి ఆమెకు కానుకగా ఇచ్చాము. అమ్మాయి అరబ్బీలో "నారింజ పువ్వు అత్తరు, మా అబ్బా దుకాణంలోది" అని చెప్పింది.

ఆమె మూత తీసి వాసన చూశారు. మణికట్టు మీద రాసుకొని మళ్ళీ చూశారు. "మాషా అల్లాహ్, చాలా బాగుంది" అన్నారు. కొంచెం ఆగి, ఎంతో మర్యాదగా, "ఇది ఏమిటి?" అని అడిగారు.

అమ్మాయి మళ్ళీ అదే చెప్పింది. ఆమె ఏమీ అనలేదు. లోపలికి వెళ్ళి, పుట్టింటి నుంచి తెచ్చుకున్న సీసా ఒకటి తీసుకొచ్చి, కాఫీలో రెండు చుక్కలు వేసి మా ముందు పెట్టారు. వాళ్ళ అమ్మగారు ప్రతి వసంతంలో పెరటిలో రాగి బట్టీ పెట్టి తీసే పూలనీరు అది. చెట్టు కింద దుప్పట్లు పరిచి, నిచ్చెనలు ఎక్కి పూలు కోస్తారట. వెయ్యి కిలోల పూలకు కిలో నూనె మాత్రమే వస్తుందని ఆమె మామూలుగా, ధర చెప్పినట్లు కాక వాతావరణం గురించి చెప్పినట్లు చెప్పారు. ఆ కాఫీ ఆవిరిలో పాకం లేదు, తీపి లేదు. చల్లని, పచ్చని, లేత చేదున్న ఒక పూల వాసన. మా సీసాలోనిది ఉడికిన పండు. ఇది వికసించిన పువ్వు. రెండింటికీ చెట్టు ఒకటే కావచ్చు, మరే పోలికా లేదు.

ఇంటికి వచ్చి లెక్క వేశాము. మేము అర తులా శీశీని నూట యాభై రూపాయలకు అమ్ముతాము. అర తులా పూలనూనెకు అయిదారు కిలోల పూలు కావాలి. నూట యాభై రూపాయలు ఆ పూలు కోసినవారి కూలికి కూడా సరిపోవు. ఈ లెక్క వేయడానికి నాబుల్ సోదరి అక్కరలేదు, కడపలో కూర్చొని కూడా వేయవచ్చు. సరుకు పంపేవారు అస్లీ అన్నారు, మేము రాశాము. ఎన్నడూ అడగలేదు. ఎందుకు అడగలేదో ఇద్దరికీ తెలుసు. అడిగితే సమాధానం వినవలసి వస్తుంది.

ఆ రాత్రి ఇషా తరువాత మాకు గుర్తుకు వచ్చినది బజారులో ధాన్యపు రాశి ఉదంతం. దైవప్రవక్త (స) రాశిలో చెయ్యి పెట్టి చూస్తే లోపల తడి తగిలింది. వాన వల్ల తడిసిందని వ్యాపారి చెప్పుకున్నాడు. తడిసినదాన్ని జనానికి కనబడేలా పైన ఎందుకు ఉంచలేదని ఆయన (స) అడిగారు. మోసగించేవాడు తనవాడు కాడన్నారు. ఈ హదీసును మేము ఎన్నిసార్లు విన్నామో! దుకాణం గోడ మీద ఉర్దూలో చట్రం కట్టించి పెట్టుకున్నాము కూడా. నాలుగో వరుసకు సరిగ్గా ఎదురుగా.

వెళ్ళేముందు అసహార్ వచ్చింది. మార్చి మొదటి వారంలో ఒక ఉదయం కిటికీ తెరిస్తే గాలి మారిపోయి ఉంది. పండ్లు ఇంకా వేలాడుతున్న కొమ్మల మీదే తెల్లని మొగ్గలు విచ్చుకున్నాయి. వీధంతా ఆ కాఫీ ఆవిరి. కార్ల పొగ, రొట్టెల బట్టీ, వాన తడి, వీటన్నిటి మీదుగా అది తేలుతోంది. ఎవరూ దానికి డబ్బు ఇవ్వడం లేదు. మనుమరాలిని ఎత్తుకొని మూడు వీధులు తిరిగాము. అది రాలిన పువ్వులు ఏరి మా జేబుల్లో పోసింది. సాయంత్రానికి అవి గోధుమరంగుకు తిరిగి వాసన మారిపోయింది.

కడపకు వచ్చిన మరునాడే పసుపు చీటీ ఊడదీశాము. పద్ధెనిమిదేళ్ళ జిగురు, వేడి నీళ్ళతో తుడిచినా ఒక నలుచదరపు మచ్చ మిగిలింది. సరుకు పంపేవారికి ఫోను చేసి అడిగితే, ఏ దాపరికం లేకుండా కూర్పు అనే చెప్పారు. వాసనలేని పారఫిన్ నూనెలో కలిపినదట. "అందరికీ తెలిసిందే కదా" అన్నారు. కొత్త చీటీ మీద "నారింజ మురబ్బా – కూర్పు పరిమళం, పూలది కాదు" అని రాశాము. రమజాన్ మొదటి పది రోజులలో ఆ సీసా అడిగినవారికల్లా విషయం చెప్పాము. కొందరు నవ్వి తీసుకున్నారు. ఇద్దరు వెనక్కి తిరిగి వెళ్ళిపోయారు. ఒకావిడ, పెండ్లికి పదిహేను శీశీలు పంచినామె, పాత డబ్బు అడిగారు. ఇచ్చాము.

మాస్టర్ సాహెబ్ మొదటి జుమాకు వచ్చారు. కుర్చీ వేసి కూర్చోబెట్టి, సంగతంతా మొదటి నుంచి చెప్పాము. ఆయన కళ్ళద్దాలు తీసి కొత్త చీటీ దగ్గరగా పెట్టుకొని చదివారు. మేము తెచ్చిన పూలనీటి సీసా మూత తీసి ఆయన ముందు ఉంచాము. ఉపవాసంలో ఉన్నారు కాబట్టి చేతి వెనుక ఒక చుక్క వేయించుకొని చాలాసేపు చూశారు.

"పువ్వంటే ఇదన్నమాట" అన్నారు.

ఇన్నేళ్ళ డబ్బు లెక్క కట్టి కవరులో పెట్టి ఉంచాము. ముందుకు జరిపాము. ఆయన దాన్ని తాకలేదు. జేబులోంచి ఖాళీ శీశీ తీసి బల్ల మీద పెట్టారు.

"మా మనుమలకు దాదా వాసన అంటే ఇదే. ఇప్పుడు నేను పువ్వు రాసుకొని పోతే పిల్లలు నన్ను గుర్తుపట్టరు. ఇదే నింపండి. శీశీ మీద పేరు మాత్రం సరిగా రాసి ఇవ్వండి."

రాసి ఇచ్చాము. సిరా ఆరేదాకా ఆయన కూర్చొనే ఉన్నారు.